గిటార్ నట్: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి ఉత్తరాలు చాలావరకు ఒక్కదాని చుట్టూనే తిరిగాయి: నట్. బోల్టుకు బిగించే నట్టు కాదు. ఫ్రెట్‌బోర్డు (మెడ మీద లోహపు ఫ్రెట్లు పొదిగిన పలక) మొదట్లో, కీలుండే తల భాగం హెడ్‌స్టాక్‌కు ఆనుకుని, ఆరు గాడులతో అడ్డంగా కూర్చునే చిన్న పట్టీ. శ్రుతి చేసే కీల దగ్గర్నుంచి దిగిన తీగలు మొదట ఆనేది దాని మీదే.

ప్రశ్న: నా అకూస్టిక్ గిటార్‌కు ప్లాస్టిక్ నట్ ఉంది. ఎముక నట్ వేయిస్తే నాదం నిండుగా వస్తుందని, సస్టెయిన్ (మీటిన స్వరం మోగుతూ నిలిచే సమయం) పెరుగుతుందని అంటున్నారు. నిజమేనా?

సగం నిజం. ఆ సగం ఎక్కడుందో ముందు చూద్దాం.

తీగ మీటినప్పుడు ఊగేది రెండు ఆనింపుల మధ్య భాగమే. ఒక కొస గిటార్ ఒంటి మీది బ్రిడ్జిలో తీగ ఆనే సాడిల్. రెండో కొస నట్, అదీ ఏ ఫ్రెట్టూ నొక్కనప్పుడు మాత్రమే. మూడో ఫ్రెట్ దగ్గర వేలు పెట్టారంటే రెండో కొస ఆ ఫ్రెట్టే. ఆ స్వరంతో నట్‌కు ఇక దాదాపు పని లేదు. కాబట్టి బార్ కార్డులు (ఒకే వేలిని తీగలన్నిటి మీదా అడ్డంగా నొక్కి పట్టే స్వరసమూహాలు), మెడ మీద పైకి పోయి వాయించే సోలోలు నట్ మార్చినంత మాత్రాన మారవు. మారేవి ఓపెన్ తీగలు, వాటితో కట్టే జి, సి, డి, ఇ మైనర్ లాంటి కార్డులు.

ఓపెన్ తీగ దగ్గర నట్ పని ఒక్కటే: తీగలో పరుగెత్తుకొచ్చిన అలను తను మింగకుండా వెనక్కి పంపడం. గట్టి పదార్థంతో చేసి, అడుగున సందు లేకుండా కూర్చోబెట్టిన నట్ ఎక్కువ భాగాన్ని పంపేస్తుంది. మెత్తటిదైనా, లోపల డొల్లగా ఉన్నా, అడుగున సందున్నా కొంత మింగేస్తుంది. ముందుగా పోయేవి పై హార్మోనిక్సు, అంటే స్వరంతో కలిసి మోగే హెచ్చు నాదాలు. అందుకే మోత మందంగా, తొందరగా ఆరిపోయినట్టు వినిపిస్తుంది. చౌక గిటార్ల అచ్చు ప్లాస్టిక్ నట్‌ను ఊడదీసి తిరగేస్తే చాలాసార్లు లోపల బోలుగా కనిపిస్తుంది. అలాంటిది తీసేసి ఎముక వేస్తే తేడా తెలుస్తుంది. గట్టి మైకార్టా, కోరియాన్, టస్క్ లాంటి కృత్రిమ పదార్థాల నట్ తీసేసి ఎముక వేస్తే మాత్రం వినిపించే తేడా వెంట్రుకవాసే.

ఖర్చు పెట్టేముందు ఒక పరీక్ష చేయండి. శ్రుతి సరిచూసుకుని ఓపెన్ తీగలను ఒక్కొక్కటిగా మీటి, నాదం ఎన్ని సెకన్లు నిలిచిందో రాసుకోండి. తర్వాత మొదటి ఫ్రెట్‌కు ఆనించి కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే క్లిప్పు) బిగించి, అదే బలంతో మళ్లీ మీటండి. కాపో పెట్టగానే నట్ లెక్కలోంచి తప్పుకుంటుంది, దాని చోట ఫ్రెట్ లోహం నిలబడుతుంది. రెండు వరసల అంకెలూ ఇంచుమించు ఒకటే అయితే నట్‌లో దోషం లేదు. సస్టెయిన్ కోసం వెతకాల్సింది పాత తీగల్లో, సాడిల్ దగ్గర, అరిగిన ఫ్రెట్లలో. కాపోతో ఆరు తీగలూ స్పష్టంగా మెరుగైతే నట్ మార్చండి. ఒకటో రెండో తీగలే తేడా చూపిస్తే ఆ గాడులను అనుమానించండి. పదార్థం ఆరింటికీ ఒకటే కదా!

ప్రశ్న: నాలుగో తీగను ఓపెన్‌గా మీటితే సితార్‌లా జీర వస్తోంది. ఏ ఫ్రెట్ నొక్కినా శుభ్రంగా మోగుతోంది. తీగ మార్చినా అంతే.

ఫ్రెట్ నొక్కితే జబ్బు పోతోందంటే అది నట్‌లోనే ఉంది. గాడి మరీ లోతుగా ఉండి తీగ మొదటి ఫ్రెట్‌కు తగులుతూ ఉండొచ్చు. ఆ సంగతి కింద మరో ప్రశ్నలో ఉంది. కానీ సితార్‌లా అన్నారు కాబట్టి గాడి వాలు మీద మా అనుమానం.

గాడి అడుగు హెడ్‌స్టాక్ వైపుకు కొద్దిగా వాలుగా దిగాలి. తీగ చివరిసారి ఆనేది ఫ్రెట్‌బోర్డు వైపు అంచు మీదే కావాలి, అక్కడినుంచి తటాలున గాల్లోకి లేవాలి. గాడి అడుగు చదునుగా ఉన్నా, మధ్యలో గూనిలా లేచినా, ముందు అంచు అరిగి గుండ్రబడినా తీగ అసలు ఆనింపు వెనక్కి జరుగుతుంది. ముందున్న ఆ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర తీగ గాడి అడుగును తాకుతూ వదులుతూ ఊగుతుంది. తంబురా బ్రిడ్జి మీద దారం పెట్టి జీవ రప్పించేది ఈ సూత్రంతోనే. అక్కడ అది కావాలని చేసిన సొగసు, ఇక్కడ ఎవరో వాలు తప్పి కోసిన గాడి.

దీనివల్ల శ్రుతికీ దెబ్బే. 648 మి.మీ. స్కేల్ (నట్ నుంచి సాడిల్ వరకు తీగ పొడవు) ఉన్న గిటార్‌లో ఆనింపు 1 మి.మీ. వెనక్కి పోతే ఓపెన్ స్వరం దాదాపు 2.7 సెంట్లు (ఒక ఫ్రెట్ తేడాలో వందో వంతు ఒక సెంటు) దిగుతుంది. మీరు ఓపెన్ తీగనే ట్యూనర్‌తో సరిచేస్తారు కాబట్టి ఆ తేడా ఫ్రెట్ నొక్కిన ప్రతి స్వరంలోనూ హెచ్చుగా బయటపడుతుంది.

చూడడం ఇలా. తీగ వదులు చేసి పక్కకు తప్పించండి. గాడి అడుగున మార్కర్‌తో రంగు పూయండి. తీగ వేసి శ్రుతికి తెచ్చి, గట్టిగా పది సార్లు మీటి మళ్లీ వదులు చేయండి. రంగు ఎక్కడ చెరిగిందో భూతద్దంతో చూడండి. చెరిగింది వెనక భాగంలోనే, ముందు అంచు మీద రంగు అలాగే ఉంటే దొంగ దొరికినట్టే.

సరిచేయడానికి తీగ మందానికి సరిపడే గుండ్రటి ఆకురాయి తీసుకుని, పిడి హెడ్‌స్టాక్ వైపు కిందికి వంచి పట్టండి. హెడ్‌స్టాక్ వాలులో సగం చాలు. 14 నుంచి 17 డిగ్రీలు వంగిన హెడ్‌స్టాక్‌కు 7 లేదా 8 డిగ్రీలు. వెనక భాగాన్నే రెండు మూడు తోపులు రాయండి. ముందు అంచును తాకితే ఎత్తు తగ్గిపోతుంది, అప్పుడు కొత్త తలనొప్పి.

ప్రశ్న: ఎలక్ట్రిక్ గిటార్‌లో జి తీగ శ్రుతి నిలవదు. కీ తిప్పుతుంటే టింగుమని శబ్దం వచ్చి స్వరం ఒక్కసారిగా గెంతుతుంది. కీలు మార్చాలా?

కీలను వదిలేయండి. ఆ టింగే సాక్ష్యం. తీగ గాడిలో ఇరుక్కుంటోంది. మీరు తిప్పేకొద్దీ కీకీ నట్‌కీ మధ్య ముక్కలో బిగువు పేరుకుంటుంది. గాడి పట్టు విడిచిన క్షణాన తీగ జారి శ్రుతి దాటిపోతుంది.

నిర్ధారణకు ఒక కిటుకు. బెండ్ చేసి, అంటే తీగను వేలితో పక్కకు నెట్టి, వదిలాక స్వరం దిగిపోయిందా? నట్ వెనక, కీ వైపున, తీగను వేలితో ఒకసారి నొక్కి వదలండి. ట్రెమలో బార్ (బ్రిడ్జిని కదిపి తీగల బిగువు మార్చే మీట) కిందికి నొక్కి వదిలాక స్వరం పెరిగిందా? ఫ్రెట్‌బోర్డు వైపున ఒక చిన్న బెండ్ ఇవ్వండి. ఇలా చేస్తే స్వరం తన చోటికి వచ్చేస్తోందంటే తప్పు నూటికి నూరుపాళ్లూ నట్‌దే.

అటు మూడు ఇటు మూడు కీలున్న హెడ్‌స్టాక్‌లో డి, జి తీగలు నట్ దాటగానే బాగా పక్కకు తిరుగుతాయి, గాడి గోడకు ఒరుసుకుంటాయి. పైగా చుట్టులేని సాదా జి తీగ బిగువు రవ్వంత మారినా స్వరం బాగా కదులుతుంది. అందుకే ఫిర్యాదులన్నీ దాని మీదే.

గాడి వెడల్పు తీగ మందం కంటే 0.05 నుంచి 0.1 మి.మీ. ఎక్కువ ఉండాలి. 10–46 సెట్‌లో (ఆ అంకెలు అతి సన్న, అతి లావు తీగల మందం, అంగుళంలో వెయ్యో వంతుల్లో) తీగల మందాలు సన్నదాని నుంచి వరసగా 0.25, 0.33, 0.43, 0.66, 0.91, 1.17 మి.మీ. 9–42 సెట్‌కు కోసిన నట్‌లో వీటిని వేస్తే లావు తీగలు బిగుసుకుంటాయి. అలా సెట్ మార్చాకే గొడవ మొదలైతే కారణం వెతకనక్కర్లేదు. చుట్టు తీగల గాడికి పాత తీగ ముక్కనే ఆకురాయిలా ముందుకూ వెనక్కూ లాగితే కావలసినంత తెరుచుకుంటుంది. సాదా తీగలకు సన్నటి నట్ ఆకురాయే కావాలి. రాసేటప్పుడు గాడి వెనక కొసను తీగ తిరిగే కీ వైపుకు కొద్దిగా మళ్లించండి. చివర్లో మెత్తటి పెన్సిల్, 4బి లేదా 6బి, గాడిలో రుద్దండి. గ్రాఫైట్ మంచి కందెన. తీగలు మార్చిన ప్రతిసారీ రుద్దుకోవచ్చు. కానీ గాడి ఇరుకుగా ఉంచేసి పెన్సిల్‌తో నెట్టుకొస్తే వారం తిరక్కుండా టింగు మళ్లీ పలకరిస్తుంది.

గాడి మరీ వెడల్పయినా ముప్పే. తీగ పక్కలకు కొట్టుకుని ఓపెన్ నాదం చెదురుతుంది, సస్టెయిన్ కుంగుతుంది.

ప్రశ్న: ఎఫ్ కార్డు నొక్కలేకపోతున్నాను. మొదటి రెండు ఫ్రెట్లలో స్వరాలు కూడా కాస్త హెచ్చుగా వినిపిస్తున్నాయి. పైకి వెళ్తే హాయిగా ఉంది. గాడులు నేనే లోతు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు, తొందర లేకపోతే. ఇందులో పనిముట్టు కంటే ఓపిక ముఖ్యం. తీసింది తిరిగి పెట్టలేం.

ముందు నిర్ధారించుకోండి. ఓపెన్ తీగను ట్యూనర్‌తో కచ్చితంగా కలిపి, మొదటి ఫ్రెట్‌ను మామూలు బలంతో నొక్కి మళ్లీ ట్యూనర్ చూడండి. 10 సెంట్లు, అంతకు మించి హెచ్చితే గాడి ఎత్తుగా ఉంది. 648 మి.మీ. స్కేల్‌లో నట్‌కూ మొదటి ఫ్రెట్‌కూ దూరం 36 మి.మీ. చిల్లర. అంత పొట్టి దూరంలో తీగను కిందికి వంచితే అది సాగి స్వరం పెరుగుతుంది.

రెండో కొలత: తీగను 2, 3 ఫ్రెట్ల మధ్య నొక్కి పట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. సన్న తీగలకు 0.05 నుంచి 0.1 మి.మీ., లావు తీగలకు 0.15 వరకు చాలు. మామూలు తెల్ల కాగితం మందం దాదాపు 0.1 మి.మీ. ఉంటుంది. కాగితం ముక్క ఆ సందులో దూరి ఇంకా వదులుగా ఆడుతోందంటే కోయడానికి చోటుంది. సందే లేకపోతే ఆకురాయి కింద పెట్టేయండి.

ఇంకొక సంగతి. మెడ వంపు ముందే సరిచేయాలి. మొదటి ఫ్రెట్ దగ్గర కాపో పెట్టి, మెడ ఒంటికి కలిసే చోట ఫ్రెట్‌ను నొక్కి, 7వ ఫ్రెట్ మీద సందు 0.2 నుంచి 0.3 మి.మీ. వచ్చేలా ట్రస్ రాడ్ (మెడ లోపల వంపును అదుపు చేసే లోహపు కడ్డీ) సర్దండి. మెడ వంగి ఉండగా నట్ కోసేసి, ఆ తర్వాత ట్రస్ రాడ్ బిగిస్తే ఓపెన్ తీగలు జిర్రుమనడం మొదలెడతాయి. అప్పుడు చేయగలిగింది పెద్దగా ఉండదు.

ఇక కోత. ఉక్కు స్కేలు ముక్కను మొదటి రెండు ఫ్రెట్ల మీద ఆనించి, దాని కింద ఫీలర్ గేజ్ రేకులు (కచ్చితమైన మందంతో చేసిన సన్న ఉక్కు రేకులు) దూర్చి, ఫ్రెట్‌బోర్డు నుంచి ఫ్రెట్ ఎత్తు కొలవండి. ఉదాహరణకు 1.1 మి.మీ. వచ్చిందనుకుందాం. సన్న ఇ తీగకు దానికి 0.15 కలిపి 1.25, లావు ఇ తీగకు 0.25 కలిపి 1.35, మధ్య తీగలకు ఆ రెండింటి నడుమ. మొదటిసారి ప్రతిదానికీ ఇంకో 0.1 చేర్చుకోండి. ఆ మందం వచ్చేలా రేకులు పేర్చి, నట్‌కు ముందు ఫ్రెట్‌బోర్డు మీద ఆనించి పట్టుకోండి. ఆకురాయి కొస ఉక్కును తాకి కీచుమన్న క్షణాన ఆగాలి. దాన్ని దాటి రుద్దితే పాడయ్యేది ఆకురాయే. ఫ్రెట్‌బోర్డు మీద, హెడ్‌స్టాక్ మీద మాస్కింగ్ టేపు అంటించడం మర్చిపోకండి.

ఆ తర్వాత రేకులు తీసేసి తీగ వేసి, పూర్తి శ్రుతికి తెచ్చి కాగితం పరీక్ష చేయండి. మళ్లీ వదులు చేయండి, రెండు తోపులు రాయండి, మళ్లీ బిగించండి. విసుగనిపిస్తుంది. ఆ విసుగులోనే అందరూ నాలుగో తోపు రాస్తారు! ఎముక నెమ్మదిగా తరుగుతుంది, ప్లాస్టిక్ వెన్నలా పోతుంది. చేతిని దానికి తగ్గట్టు అదుపు చేసుకోండి. ఎముక పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. మాస్కు పెట్టుకోండి.

లోతు కుదిరాక నట్ తల ఇంకా పైకి నిక్కి, తీగలు గోతిలో దిగబడినట్టుంటే పైభాగాన్ని రాసేయండి. చుట్టు తీగలు సగం గాడి పైకి కనిపించాలి, సాదా తీగలు తలతో సమంగా ఉండాలి. లోతైన గాడి గోడలు తీగను పట్టేసి మోతను అణిచేస్తాయి. 600, 1000 నంబరు ఉప్పు కాగితాలతో నునుపు చేస్తే పని అయినట్టే. సాడిల్ ఎత్తు సంగతి దీని తర్వాతే చూడండి. నట్ దగ్గర 0.4 మి.మీ. తగ్గిస్తే 12వ ఫ్రెట్ దగ్గర దానంతటదే 0.2 తగ్గుతుంది.

ప్రశ్న: ఆలస్యంగా అడుగుతున్నాను. గాడి లోతు ఎక్కువైపోయింది. ఓపెన్ తీగ మొదటి ఫ్రెట్‌కు తగిలి జిర్రుమంటోంది. కొత్త నట్ తప్పదా?

ఒక్క గాడే అయితే తప్పించుకోవచ్చు. తీగ తీసేసి గాడిని శుభ్రం చేసి, రెండు వైపులా టేపు వేయండి. ఎముక నట్ అయితే ఎముక పొడి, లేకపోతే వంటసోడా గాడిలో అణిచి నింపండి. సూది మొనతో పల్చటి సూపర్‌గ్లూ ఒక్క చుక్క తాకించండి. సోడా తగలగానే అది వేడెక్కి, పొగలా ఆవిరి వదిలి క్షణంలో గట్టిపడుతుంది. మొహం దగ్గరగా పెట్టకండి. పది నిమిషాలు ఆగి, గాడిని పైన చెప్పినట్టే కొత్తగా కోయండి. చుట్టు తీగల కింద ఇది బాగానే నిలుస్తుంది. సాదా తీగలు కత్తిలా దిగుతాయి, కొన్ని నెలలకు మళ్లీ కోసుకుపోతే ఆశ్చర్యపోకండి.

ఆరు గాడులూ లోతైపోతే పూడ్చడం దండగ. నట్ ఊడదీసి అడుగున 0.3 మి.మీ. గట్టి చెక్క పొరను నిండుగా, సందు లేకుండా అంటించండి. అట్టముక్క, రబ్బరు వద్దు, అవి మెత్తన. మొదటి జవాబులో చెప్పిన మింగుడు వ్యవహారం అక్కడ మొదలవుతుంది.

ప్రశ్న: అయితే పదార్థానికి విలువే లేదంటారా? ఇత్తడి నట్, జీరో ఫ్రెట్, లాకింగ్ నట్ ఇవన్నీ ఉత్తవేనా?

అలా అనలేదు. గాడి తప్పుగా ఉన్న ఏనుగు దంతం నట్ కంటే గాడి సరిగ్గా ఉన్న ప్లాస్టిక్ నట్ మేలు అంటున్నాం. దంతం మాట వచ్చింది కాబట్టి: దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 1989లోనే నిర్ణయించారు. దాన్ని వెతుక్కోవాల్సినంత నాదమూ అందులో లేదు. ఇప్పటికీ సస్టెయిన్‌కు కొలబద్దగా చెప్పుకునే 1950ల నాటి గిబ్సన్ లెస్ పాల్ గిటార్లకు వేసింది నైలాన్ నట్!

ఇత్తడి వేస్తే ఓపెన్ తీగలు మరింత ఖంగుమంటాయి, ఫ్రెట్ నొక్కిన స్వరాలకు దగ్గరవుతాయి. ఇప్పటికే గలగలలాడే గిటార్‌కు అది ఎక్కువై చెవిలో గుచ్చుకుంటుంది. కోయడం కూడా కష్టం. జీరో ఫ్రెట్ ఇంకా తెలివైన పరిష్కారం. నట్ ముందే ఒక ఫ్రెట్ ఉంటుంది, ఓపెన్ తీగ దాని మీద ఆనుతుంది. నట్‌కు మిగిలేది తీగలను వరసలో ఉంచే పనే. క్వీన్ బృందం గిటారిస్టు బ్రయన్ మే తన ‘రెడ్ స్పెషల్’ గిటార్‌కు పెట్టుకున్నది ఇదే. లోపమల్లా, అరిగితే ఫ్రెట్ మార్చాలి. ఫ్లాయిడ్ రోజ్ లాకింగ్ నట్, 1979లో పేటెంట్ పొందింది, నాదం కోసం పుట్టింది కాదు. తీగను బిగించి పట్టి, బార్ ఎంత ఊపినా శ్రుతి కదలకుండా చూస్తుంది.

ఎముకలో ఒక చిక్కుంది. ముక్క ముక్కకీ గట్టిదనం మారుతుంది, ఒకే ముక్కలో మెత్తటి చోటూ తగలొచ్చు. టస్క్ లాంటి తయారీ పదార్థాల సుగుణం నాదం కంటే ఆ సమానత్వమే. బార్ ఎక్కువ వాడేవాళ్లకు కందెన కలిపిన నల్ల టస్క్ ఎముక కంటే మంచిదని మా అభిప్రాయం.

ప్రశ్న: పాత నట్ ఊడదీస్తుంటే హెడ్‌స్టాక్ రంగు పెచ్చులు లేస్తుందేమోనని భయం. ఎలా తీయాలి?

భయం మంచిదే. నట్ చుట్టూ లక్క లేదా వార్నిష్ అంటుకున్న గీత వెంట పదునైన బ్లేడుతో ముందే కోయండి, రెండు మూడు సార్లు, తేలిగ్గా. అప్పుడు పెచ్చు ఆ గీత దగ్గరే ఆగిపోతుంది. ఫ్రెట్‌బోర్డు చివర ఆనించి కూర్చోబెట్టిన నట్ అయితే చిన్న చెక్కముక్కను ఫ్రెట్‌బోర్డు వైపు నుంచి నట్‌కు ఆనించి సుత్తితో సన్నగా తట్టండి. ఫెండర్ తరహాలో ఫ్రెట్‌బోర్డులోనే గాడి తవ్వి దించినదైతే ముందుకు తట్టకూడదు, చెక్క చీలుతుంది. దాన్ని పక్కనుంచి తట్టి జరపాలి. మొండికేస్తే సన్న రంపంతో నట్‌ను నిలువునా మధ్యకు కోసి, రెండు సగాలను లోపలికి వాల్చి తీసేయండి. పోయేది పాత నట్టే కదా.

కొత్తది పెట్టేముందు పాత జిగురంతా గీకి, నట్ అడుగును అద్దం మీద పరిచిన ఉప్పు కాగితంపై రాసి చదును చేయండి. జిగురు లేకుండా పెట్టి, వెనక టార్చి వేసి చూడండి. అడుగున ఎక్కడా వెలుతురు రాకూడదు, వేలితో తోస్తే కదలాలి, గిటార్ తిరగేస్తే రాలిపోకూడదు. అతికించడానికి చెక్క జిగురు రెండు చిన్న చుక్కలు చాలు. తీగల బిగువే దాన్ని పట్టి ఉంచుతుంది. సూపర్‌గ్లూ దిమ్మరిస్తే ఈసారి నట్ తీసేటప్పుడు దాంతోపాటు చెక్క పెచ్చు కూడా లేచొస్తుంది.